వచ్చే సెషన్‌కి కథ ఎక్కడిది? గేమ్ మాస్టర్ ముందున్న ఐదు దారులు

రేపు సాయంత్రం సెషన్. ఐదుగురు వస్తారు. నోట్‌బుక్ తెరిస్తే పోయినసారి రాసుకున్న ఆఖరి ముక్క కనిపిస్తుంది: "వంతెన దాటారు." దాటాక ఏముందో ఇంకా ఏమీ అనుకోలేదు. టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కో ప్లేయర్ ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, డైస్ వేస్తూ కథ ఆడుకునే ఫాంటసీ రోల్-ప్లేయింగ్ గేమ్‌ని నడిపేవాళ్లలో, అంటే గేమ్ మాస్టర్లలో, ఇలాంటి రాత్రి గడపనివాళ్లు ఉండరు.

అలాంటప్పుడు చేతికి అందే దారులు ఐదు. అచ్చులో దొరికే రెడీమేడ్ అడ్వెంచర్ తీసుకోవచ్చు. డైస్ వేసి ర్యాండమ్ టేబుల్స్‌ని, అంటే పడ్డ అంకెని బట్టి ఏం ఎదురవుతుందో చెప్పే పట్టికల్ని, అడగొచ్చు. సొంతంగా ఒక ప్రపంచం కట్టుకోవచ్చు. ప్లేయర్ల క్యారెక్టర్ల గతంలోంచే కథ లాగొచ్చు. లేదా బయటి కథల నుంచి, చరిత్ర నుంచి, మ్యాపుల నుంచి ఏదో ఒకటి ఎత్తుకురావచ్చు. ఐదూ మంచివే. కానీ మీకున్న టైమ్‌కీ, మీ గ్రూపుకీ, మీ స్వభావానికీ ఐదూ ఒకేలా నప్పవు. ఏది ఎవరికి నప్పుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

## ముందు కొలతలు

నా మొదటి క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే ఒకే కథ) కోసం ఒక రాజ్యం చరిత్ర 14 పేజీలు రాశాను. నాలుగు తరాల రాజులు, రెండు యుద్ధాలు, ఒక శాపం. మొదటి సెషన్‌లో ప్లేయర్లు నది ఒడ్డుకి వచ్చారు. రాజధానికి పోవాలంటే అక్కడ పడవ ఎక్కాలి, అంతే నేను అనుకున్నది. పడవవాడికి పేరు కూడా పెట్టలేదు. ఒకావిడ ఊరికే అడిగింది: "పడవ అడుగున ఆ ఒక్క చెక్క కొత్తగా ఉందేంటి?" నేను అలాంటిదేమీ అనలేదు, ఆవిడే ఊహించుకుంది. నోటికి వచ్చింది చెప్పాను: "పోయిన నెల కిందనుంచి ఏదో గుద్దింది." తర్వాత రెండు గంటలు ఎవరూ ఆ నది వదల్లేదు. వల వేశారు, తాడు కట్టుకుని మునిగారు, పడవవాడి తమ్ముడు ఎలా పోయాడో ఆరా తీశారు. 14 పేజీల్లో ఒక్క వాక్యం కూడా ఆ రోజు బయటికి రాలేదు.

ఆ రోజు నుంచి ఏ ఐడియా చూసినా నేను వేసుకునే మొదటి కొలత ఒకటే: నిర్ణయానికి దూరం. ఈ ఐడియా ఎన్ని అడుగులు వేస్తే ఒక ప్లేయర్ "సరే, నేను ఇది చేస్తాను" అనే దాకా వస్తుంది? నాలుగు తరాల రాజులు ఆ దూరం నడవాలంటే వారసత్వ తగాదా కావాలి, ఆ తగాదాలో ఈ ప్లేయర్లకి వాటా కావాలి, అది వాళ్లకి తెలిసే సన్నివేశం కావాలి. కొత్త చెక్కకి ఒక్క అడుగు చాలు.

మిగతా కొలతలు నాలుగు. సెషన్‌కి ముందు ఎంత టైమ్ తింటుంది. ప్లేయర్లు ఊహించని వైపు పోతే ఎంత సర్దుబాటు ఇస్తుంది. ఇరవయ్యో సెషన్‌కి కూడా సరుకు ఉంటుందా. ఆడేటప్పుడు తల మీద బరువు ఎంత, అంటే ఎన్ని సంగతులు ఒకేసారి గుర్తుపెట్టుకోవాలి. ఈ చివరిదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. గేమ్ నడిపేటప్పుడు వచ్చే టెన్షన్‌లో ఎక్కువ భాగం దానివల్లే.

## అచ్చు అడ్వెంచర్

ఇది వేరేవాళ్లు ముందే ఆడి, సరిచేసి, మ్యాప్ గీసి, రాక్షసుల లెక్కలు కట్టి పెట్టిన కథ. ఈ తరహా ఆటల్లో పేరుమోసిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 2014 స్టార్టర్ సెట్‌లో వచ్చిన 'లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్' దీనికి మంచి ఉదాహరణ. 64 పేజీలు, క్యారెక్టర్లు 1వ లెవెల్ నుంచి 5 దాకా ఎదుగుతారు. మొదలయ్యేది ఎలాగో చూడండి: సరుకుల బండి తోలుకెళ్తుంటే దారిలో రెండు గుర్రాలు చచ్చి పడున్నాయి, ఒంటి నిండా నల్ల ఈకల బాణాలు. దిగి చూడాలా, బండి వెనక్కి తిప్పాలా, చెట్ల వైపు విల్లు ఎక్కుపెట్టాలా? ఆట మొదలైన పది నిమిషాల్లో నిర్ణయం ప్లేయర్ల ముందు ఉంటుంది. మంచి అడ్వెంచర్‌కి డబ్బు పెట్టేది దీనికే.

అయితే అచ్చు అడ్వెంచర్ కొంటే ప్రిపరేషన్ తప్పుతుందన్న మాట నిజం కాదు. రాసే టైమ్ పోయి చదివే టైమ్ వస్తుంది. రెండు వందల పైచిలుకు పేజీల పెద్ద క్యాంపెయిన్ పుస్తకాల్లో ఒక్కో పాత్ర గురించిన సమాచారం నాలుగు చోట్ల చెల్లాచెదురుగా ఉంటుంది. టేబుల్ దగ్గర పేజీలు తిప్పుతుంటే ఆట చల్లబడిపోతుంది.

నేను పుస్తకం రెండుసార్లు చదువుతాను. మొదటిసారి కథలా. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, ప్రతి ముఖ్యమైన పాత్ర పక్కన ఒకే లైన్: వీడికి ఏం కావాలి, దానికోసం ఎంత దూరం వెళ్తాడు. ఇది తెలిస్తే ప్లేయర్లు పుస్తకంలో లేని దారి పట్టినా చేతులు ఆగవు, ఎందుకంటే ఆ పాత్ర ఏం చేస్తాడో పుస్తకాన్ని అడగక్కర్లేదు. ఇక ప్లేయర్లకి చదివి వినిపించమని గళ్లలో ఇచ్చే వర్ణనలు ఉంటాయే, వాటిని మూడు వాక్యాలకి కుదించండి. ఐదో వాక్యం వచ్చేసరికి వినేవాళ్ల కళ్లు డైస్ మీదికి పోతాయి.

మొదటిసారి గేమ్ నడుపుతున్నవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. రూల్స్ నేర్చుకోవడం, కథ అల్లడం, ఐదుగురిని కూర్చోబెట్టి మాట్లాడించడం, ఈ మూడూ ఒకేసారి నేర్చుకోవడం కష్టం. కథ అల్లడాన్ని కొన్నాళ్లు పుస్తకానికి అప్పగించండి.

## ర్యాండమ్ టేబుల్స్

నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఇదే. ఒక సాయంత్రం జరిగింది చెప్తాను. ప్లేయర్లు అడవిలో దారి తప్పారు. నేను డైస్ మూడుసార్లు వేశాను. ఎవరు? గోబ్లిన్లు (పొట్టి రాక్షసజాతి), ఆరు. ఏం చేస్తున్నాయి? తవ్వుతున్నాయి. వీళ్లని చూసి ఎలా ఉంటాయి? రెండు డైస్ మీద 9.

ఆ మూడోది 1981 నాటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ బేసిక్ రూల్స్‌లోని ప్రతిస్పందన పట్టిక. రెండు ఆరుముఖాల డైస్ వేసి కలుపుతారు. 2 పడితే వెంటనే దాడి. 12 పడితే ఎదురొచ్చి స్నేహం. 9 నుంచి 11 మధ్య పడితే దాడి చేయరు: వెళ్లిపోతారు, లేదా చెప్పేది వింటారు. మధ్యలో 6 నుంచి 8 దాకా ఏం చేయాలో తేల్చుకోలేని స్థితి, అది 36లో 16 సార్లు వస్తుంది. అంటే ఆ రూల్స్ ప్రకారం ఎదురైన ప్రతి రాక్షసుడూ కత్తి దూయడు. ఈ ఒక్క పట్టిక మీ ఆటలోకి తెచ్చుకుంటే చాలు, యుద్ధాల మధ్య మాటలు పుట్టుకొస్తాయి.

గోబ్లిన్ల సంగతికి వస్తే, అవి ఎందుకు తవ్వుతున్నాయో పట్టిక చెప్పలేదు. నాకూ తెలియదు. ఒక ప్లేయర్ అడిగాడు: "గొయ్యి పొడవెంత?" మనిషి పొడవు అన్నాను. "మరి శవం?" పక్కనే ఉంది, గుడ్డ కప్పి ఉంది అన్నాను. గుడ్డ తీసి చూశారు. పక్క ఊరి మంత్రసాని. ఒంటి మీద గాయం లేదు, చేతుల్లో ఎవరో పువ్వులు పెట్టారు. గోబ్లిన్లకీ ఆవిడే వైద్యం చేసేదని అప్పుడు తేలింది. ఊళ్లోవాళ్లేమో ఆవిడ్ని గోబ్లిన్లే చంపాయని కత్తులు నూరుకుంటున్నారు. శవం ఊరికి తీసుకెళ్లాలా, ఇక్కడే పూడ్చనివ్వాలా? ఆ ప్రశ్న చుట్టూ మూడు సెషన్లు నడిచాయి. ముందురోజు రాత్రి నేను దీనికి పెట్టిన టైమ్ సున్నా.

ఇప్పుడు లోపాలు. డైస్‌కి జ్ఞాపకం ఉండదు. ఒక గంట తోడేళ్లు, మరో గంట దయ్యం, ఆ తర్వాత బందిపోట్లు, దేనికీ దేనితో సంబంధం లేకుండా వస్తుంటే ప్లేయర్లు పట్టించుకోవడం మానేస్తారు. దీనికి మందు ఉంది: పుస్తకంలోని వంద ఎంట్రీల పట్టిక వాడకుండా, మీ ప్రాంతానికి మీరే ఆరు ఎంట్రీలు రాసుకోండి. ప్రతి ఎంట్రీలో ఇప్పటికే ఆటలోకి వచ్చిన మనిషో, చోటో, వస్తువో ఒకటి తగలాలి. వాడిన ఎంట్రీ కొట్టేసి, దాని పర్యవసానాన్ని అదే చోట రాయండి.

ఎంట్రీ రాసేటప్పుడు పేరుతో ఆగకండి, పని కూడా రాయండి. "తోడేళ్లు" అని రాస్తే యుద్ధం తప్ప ఇంకేం రాదు. "గాయపడ్డ తోడేలుకి మిగతావి కాపలా కాస్తున్నాయి" అంటే ప్లేయర్ ఆలోచించాల్సిందే.

డైస్ ఎంపిక కూడా చిన్న విషయం కాదు. ఒకే ఆరుముఖాల డైస్ అయితే ప్రతి ఎంట్రీకీ సమాన అవకాశం. రెండు కలిపి వేస్తే 7 పడే అవకాశం 36లో 6, 2 కానీ 12 కానీ పడే అవకాశం 36లో ఒక్కోటి. కాబట్టి ఆ ప్రాంతంలో రోజూ కనిపించేది 7 దగ్గర పెట్టండి, డ్రాగన్ నీడని 12 దగ్గర పెట్టండి. పది సెషన్లు గడిచేసరికి ఆ అడవి స్వభావం ప్లేయర్లకి మీరు చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక: జవాబు మీకు ముందే తెలిస్తే డైస్ వేయకండి. వేసి, నచ్చక పక్కన పెడితే, ఆ డైస్ మీద మీకే నమ్మకం పోతుంది.

## సొంత ప్రపంచం

ఇది అందరి కల. నేనూ 14 పేజీలు అందుకే రాశాను. ఈ హాబీని మొదలుపెట్టినవాళ్లు ఏం చేశారో చూస్తే దారి దొరుకుతుంది. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అచ్చుకాక ముందే డేవ్ ఆర్నెసన్ 'బ్లాక్‌మూర్' అనే సొంత ప్రపంచంలో ఆట నడిపాడు, గ్యారీ గైగాక్స్ 'గ్రేహాక్' నడిపాడు. రెండింటికీ గుండె కాయ ఒక కోట, దాని కింద నేలమాళిగలు. చుట్టూ ఊరు, రాజ్యం, ఖండం ప్లేయర్లు బయటికి నడిచే కొద్దీ పెరిగాయి.

కాబట్టి మీకు కావలసింది ఒక ఊరు, ఒక ప్రమాదకరమైన చోటు, ఒకరి కోరిక ఇంకొకరికి అడ్డుపడే ముగ్గురు మనుషులు, మ్యాప్ అంచు అవతల గురించి ఒక పుకారు. అక్కడితో ఆపేయండి. మిగతాది తెల్లకాగితంగానే ఉండనివ్వండి. ప్లేయర్ "ఉత్తరాన ఏముంది?" అని అడిగిన రోజే ఉత్తరం రాయండి.

ఐదు దారుల్లో మొదట్లో నిర్ణయానికి దూరం దీనికే ఎక్కువ. కానీ పదో సెషన్ దాటాక లెక్క తిరగబడుతుంది. అప్పటికి ఊళ్లో ప్రతి గోడ వెనకా మీరూ ప్లేయర్లూ కలిసి పోగేసుకున్న ఏదో ఒక జ్ఞాపకం ఉంటుంది. కమ్మరి దుకాణం మూసి ఉందని ఒక్క మాట అంటే చాలు, ఐదుగురూ కుర్చీల్లో ముందుకి వంగుతారు. ఏ అచ్చు పుస్తకమూ ఇది ఇవ్వలేదు. ఓపిక ఉన్నవాళ్లకి దక్కే ఫలం ఇది.

ఒక మాట మాత్రం సూటిగా చెప్పాలి. ప్రపంచం రాసుకోవడం దానంతటది ఒక ఆనందం. రాజవంశాలు, భాషలు, దేవుళ్ల పేర్లు రాస్తూ కూర్చోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆ గంటల్ని సెషన్ ప్రిపరేషన్ కింద లెక్కేయకండి.

## ప్లేయర్ల నుంచే

"నీ క్యారెక్టర్ గతం రాసుకురా" అంటే రెండే జరుగుతాయి. ఒకరు నాలుగు పేజీలు రాసుకొస్తారు, ముగ్గురు "అనాథ, ఊరు తగలబడింది" అంటారు. అడిగే తీరు మార్చాలి. ప్రశ్నలోనే సగం కథ ఉండాలి:

"ఈ ఊళ్లో నువ్వు బాకీ పడ్డది ఎవరికి? డబ్బు ఉన్నా ఎందుకు తీర్చలేదు?"
"గుడి పూజారి నిన్ను చూడగానే మొహం తిప్పుకుంటాడు. ఆ రోజు ఏం జరిగింది?"
"మీ గురువు నీకు నేర్పకుండా దాచిన మంత్రం ఒకటుందని నీకు ఎలా తెలిసింది?"

ఈ ప్రశ్నలకి ఒక్క వాక్యం జవాబు వచ్చినా మీకు ఒక మనిషి, ఒక తగువు, ఒక రహస్యం దొరికినట్టే. 2010లో వచ్చిన 'అపోకలిప్స్ వరల్డ్' గేమ్ ఈ పద్ధతిని గేమ్ మాస్టర్ నియమాల్లోనే పెట్టింది: ప్రశ్నలు అడుగు, వచ్చిన జవాబుల మీద కట్టు. అది ఫాంటసీ గేమ్ కాదు, కానీ ఈ నియమం ఏ గేమ్‌లోకైనా వస్తుంది. ప్రపంచం మొత్తాన్నే కలిసి కట్టాలనుకుంటే బెన్ రాబిన్స్ 2011లో తెచ్చిన 'మైక్రోస్కోప్' ఉంది. అందులో గేమ్ మాస్టర్ ఉండడు. అందరూ కలిసి ఒక సామ్రాజ్యం చరిత్రని ముందుకీ వెనక్కీ దూకుతూ అల్లుతారు. క్యాంపెయిన్‌కి ముందు ఒక సాయంత్రం అది ఆడి, వచ్చిన చరిత్రలోనే క్యారెక్టర్లు తయారు చేసుకుంటే ఎవరికీ ప్రపంచాన్ని పరిచయం చేయాల్సిన పని ఉండదు.

నిర్ణయానికి దూరం ఇక్కడ దాదాపు సున్నా. తన చెల్లెలు కనిపించిందంటే ఏ ప్లేయర్ అయినా కదులుతాడు. బరువు వేరేచోట పడుతుంది. కథంతా ఒకరి చెల్లెలి చుట్టూ తిరిగితే మిగతా నలుగురు ప్రేక్షకులవుతారు. ఆ ఒక్కరూ సెషన్‌కి రాకపోతే బండి ఆగిపోతుంది. అందుకే నేను ఒకరి గతాన్ని ఇంకొకరి చేతికి ఇస్తాను: చెల్లెలు తప్పిపోయింది ఒకరికి, ఆమెని చివరిసారి చూసింది మరొకరి క్యారెక్టర్.

ఇంకో జాగ్రత్త ఉంది. మనిషి గతం అడిగినప్పుడు నిజమైన నొప్పి కూడా తగలొచ్చు. మొదటి సెషన్‌కి ముందు కూర్చుని మాట్లాడుకునే సెషన్ జీరోలో రెండు విషయాలు తేల్చుకోండి: ఆటలోకి అసలు రాకూడనివి ఏవి, వచ్చినా వివరంగా చూపించకుండా దాటేయాల్సినవి ఏవి. కొన్ని గ్రూపులు టేబుల్ మధ్యలో 'ఎక్స్' రాసిన కార్డు పెట్టుకుంటాయి. ఎవరైనా దాన్ని తాకితే కారణం అడగకుండా ఆ సన్నివేశం మార్చేస్తారు. ఈ దారి ఎంచుకునేవాళ్లు ఆ మాటల్ని వాయిదా వేయకూడదు.

## బయటి కథలు, చరిత్ర, మ్యాపులు

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నడిపేవాళ్ల కోసం 1979లో వచ్చిన డంజియన్ మాస్టర్స్ గైడ్ చివర 'అపెండిక్స్ ఎన్' అని ఒక జాబితా ఉంది. తనకి ప్రేరణ ఇచ్చిన రచయితల పేర్లు గైగాక్స్ అందులో ఇచ్చాడు. వాళ్ల దగ్గర నుంచి ఆట తీసుకున్నది చూస్తే ఒక కిటుకు తెలుస్తుంది. మంత్రం వేయగానే మాంత్రికుడి తలలోంచి అది చెరిగిపోతుందన్న రూల్ జాక్ వాన్స్ కథల నుంచి వచ్చింది. ఎంత నరికినా గాయం మానిపోయే ట్రోల్ అనే రాక్షసుడు పోల్ ఆండర్సన్ రాసిన నవల నుంచి వచ్చింది. రెండుచోట్లా కథ తీసుకోలేదు. ఒక్క ముక్క తీసుకున్నారు.

కథ మొత్తం ఎత్తుకొస్తే ఏమవుతుందంటే, ప్లేయర్లు హీరో చేసింది చేయరు. మీరు చూసిన ముగింపు వైపు వాళ్లని నెట్టడం మొదలుపెడతారు, వాళ్లకి అది తెలిసిపోతుంది.

ముక్క తీసుకోవడం అంటే ఏమిటో చూపిస్తాను. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందన్న కథ మనందరం విన్నదే. ఫాంటసీ గేముల్లో లిచ్ అనే శవమాంత్రికుడు తన ఆత్మని దాచుకునే పెట్టె వెనకా ఉన్నది ఇదే ఊహ. వెళ్లి చిలక మెడ విరిచేయడం కథ, అది పక్కన పెట్టండి. ముక్క మాత్రం తీసుకుని ఒక ప్రశ్న అడగండి: ఆ చిలకకి రోజూ గింజలు వేసేది ఎవరు?

ఒక పదేళ్ల పిల్ల అనుకుందాం. ఆ చిలక తనకి రెక్క విరిగిన పక్షిగా దొరికింది. పేరు పెట్టుకుంది, మాటలు నేర్పింది. లోపల ఏముందో పిల్లకి తెలియదు. ప్లేయర్లు అన్ని అడ్డంకులూ దాటి ఆ ఇంటికి వచ్చేసరికి పిల్ల గుమ్మంలో కూర్చుని చిలకతో పాట పాడిస్తోంది. ఇక మీరు ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు. టేబుల్ దగ్గర పది నిమిషాలు వాళ్లలో వాళ్లే వాదించుకుంటారు.

చరిత్ర కూడా ఇలాగే పనికొస్తుంది. రాజుల పేర్లు పక్కనపెట్టి పనుల వైపు చూడండి: ముట్టడిలో ఉన్న కోటకి నీళ్లెలా వస్తాయి, వంతెన సుంకం ఎవరు వసూలు చేస్తారు, తిండి అయిపోయిన సైన్యం పక్క ఊరిని ఏం చేస్తుంది. మ్యాపులైతే మరీ మంచివి. నిజం మ్యాపుల్లో నదులు కిందికి పోయే కొద్దీ కలుస్తాయి, డెల్టాల దగ్గర తప్ప విడిపోవడం అరుదు. ఊళ్లు నది దాటగలిగే చోట, రెండు దారులు కలిసే చోట పుడతాయి. మీరు గీసే మ్యాప్‌లో ఈ రెండూ పాటిస్తే, ఎక్కడ తగువు ఉంటుందో మ్యాపే చూపిస్తుంది.

## పక్కపక్కన పెడితే

| కొలత | అచ్చు అడ్వెంచర్ | ర్యాండమ్ టేబుల్స్ | సొంత ప్రపంచం | ప్లేయర్ల నుంచి | బయటి కథలు |
|---|---|---|---|---|---|
| నిర్ణయానికి దూరం | తక్కువ | తక్కువ, అర్థం మీరు చెప్పాలి | మొదట ఎక్కువ, తర్వాత బాగా తక్కువ | దాదాపు సున్నా | ముక్క తీస్తే తక్కువ, కథంతా తెస్తే ఎక్కువ |
| ముందు టైమ్ | చదవడానికి చాలా | చాలా తక్కువ | అంతులేదు, మీరే గీత గీయాలి | ఒక సెషన్ జీరో | తక్కువ |
| దారి తప్పితే సర్దుబాటు | పాత్రల కోరికలు తెలిస్తేనే | బాగా ఎక్కువ | ఎక్కువ | ఎక్కువ | మధ్యస్థం |
| ఇరవయ్యో సెషన్‌కి సరుకు | పుస్తకం ఉన్నంత వరకే | ఎప్పటికప్పుడు తిరగరాస్తే ఉంటుంది | పుష్కలం | ఉంటుంది, మనిషి మానేస్తే పోతుంది | ఎప్పుడూ దొరుకుతుంది |
| తల మీద బరువు | ఎక్కువ | తక్కువ, అప్పటికప్పుడు అల్లాలి | మధ్యస్థం | మధ్యస్థం | తక్కువ |

## ఎవరికి ఏది

ఇంతకుముందు ఎప్పుడూ నడపనివాళ్లు: చిన్న అచ్చు అడ్వెంచర్. 64 పేజీలకి మించకుండా చూసుకోండి. పెద్ద క్యాంపెయిన్ పుస్తకం ఊరిస్తుంది, కానీ ఇప్పుడొద్దు.

వారానికి గంట కూడా దొరకనివాళ్లు: మీరు రాసుకున్న ఆరు ఎంట్రీల పట్టిక, ప్రతిస్పందన పట్టిక, పేర్ల జాబితా ఒకటి. పేర్లని చిన్నచూపు చూడకండి. అప్పటికప్పుడు పేరు తట్టక తడుముకుంటే, ఆ మనిషి ముఖ్యం కాదని ప్లేయర్లకి అర్థమైపోతుంది.

టేబుల్ దగ్గర అప్పటికప్పుడు అల్లాలంటే గుండె దడ పుట్టేవాళ్లు: పట్టికలు వాడండి, కానీ డైస్ ముందురోజే వేసుకోండి. ఫలితాల గురించి రాత్రంతా ఆలోచించుకునే వీలుంటుంది. ఇందులో మోసం ఏమీ లేదు.

కబుర్లు చెప్పే ప్లేయర్లు ఉన్నవాళ్లు: వాళ్ల నుంచే తీసుకోండి. మాట్లాడని ప్లేయర్లు ఉంటే మాత్రం ఈ దారిలో తొందరపడకండి. అందరిముందూ ప్రశ్న అడిగితే మౌనంగా ఉండే మనిషి ఇంకా ముడుచుకుపోతాడు. అలాంటివాళ్లని సెషన్ల మధ్యలో విడిగా, జవాబుకి తొందర లేదని చెప్పి అడిగితే నాకు దొరికిన జవాబులు నేను విన్నవాటిలో కెల్లా మంచివి.

ఒకే సాయంత్రంలో ముగిసే వన్-షాట్ నడిపేవాళ్లు: బయటి కథల ముక్క. చిలక ఒక్కటి చాలు మూడు గంటలకి.

ఏళ్ల తరబడి ఒకే క్యాంపెయిన్ కావాలనుకునేవాళ్లు: సొంత ప్రపంచం, చిన్నగా మొదలుపెట్టి. దానికి ప్లేయర్ల జవాబులు ఎరువు.

నేనైతే ఇప్పుడు ఏ ఒక్కదాని మీదా నిలబడను. ఊరు నా సొంతం, నేలమాళిగ మ్యాప్ ఏదో పాత అడ్వెంచర్‌ది, దారిలో ఎదురయ్యేది డైస్ చెప్తుంది, తగువు ఎవరితోనో ప్లేయర్లు చెప్తారు.

## ఏ దారైనా వెంట ఉంచుకోవాల్సినవి

రెండే చెప్తాను. మొదటిది మూడు ఆధారాల సూత్రం. దీన్ని జస్టిన్ అలెగ్జాండర్ 2008లో రాశాడు. ప్లేయర్లు కనిపెట్టాల్సిన సంగతి ఏదైనా ఉంటే దానికి కనీసం మూడు ఆధారాలు పెట్టాలి. ఒకటి వాళ్ల కంట పడదు, ఇంకోటి తప్పుగా అర్థమవుతుంది, మూడోది పనిచేస్తుంది. హంతకుడు పూజారి అని తెలియాలంటే చెప్పు మీద మైనం, తడబడే సాక్షి, చించిన పుస్తకం పేజీ మూడూ కావాలి. ఒక్క ఆధారం మీద కథ వేలాడదీసి, అది దొరక్క రెండు గంటలు వృథా అయిన సెషన్లు నేను చాలానే చూశాను.

రెండోది గడియారం. జాన్ హార్పర్ తయారుచేసిన 'బ్లేడ్స్ ఇన్ ద డార్క్' 2017 పుస్తకంలో ఇది ఉంది. ఒక వృత్తం గీసి 4, 6, లేదా 8 ముక్కలు చేస్తారు. ముంచుకొచ్చే ప్రమాదం పేరు పైన రాస్తారు. ప్లేయర్లు ఆలస్యం చేసిన ప్రతిసారీ ఒక ముక్క నింపుతారు. నిండిందంటే జరిగిపోయింది. కాగితం అందరికీ కనిపించేలా పెట్టండి. "త్వరగా తేల్చండి" అని మీరు అనక్కర్లేదు, నాలుగో ముక్కలో పెన్సిల్ పెట్టగానే వాళ్లే లేస్తారు.

మళ్లీ ఆ నోట్‌బుక్ దగ్గరికి వద్దాం. "వంతెన దాటారు" కింద నేను ఈ రాత్రి రాయబోయేది ఇంతే:

వంతెన అవతల సుంకం గుడిసె. తలుపు తీసే ఉంది, లోపల పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది, మనిషి లేడు. (డైస్: "ఎవరో తొందరగా వదిలి వెళ్లిన చోటు.")

గడియారం, 6 ముక్కలు: నది పొంగుతోంది. రెండు ముక్కలు ఇప్పటికే నింపాను.

సుంకం లెక్కల పుస్తకంలో ఆఖరి పేరు మా గ్రూపులో ఒకరి క్యారెక్టర్‌ది. తేదీ నిన్నటిది. రేపు టేబుల్ చుట్టూ అందరూ కూర్చున్నాక ఆ ప్లేయర్‌ని అడుగుతాను: "నిన్న నువ్వు ఇక్కడ లేవు. మరి నీ పేరు వాడుకునేంత బాగా నిన్ను ఎరిగినవాళ్లు ఎవరు?"